అతకని తోక

గదిలో దీపాలు ఆర్పేశారు. ఉన్న కాస్త వెలుగూ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు తెరదే. ఆకుపచ్చగా మెరిసే ఆ తెర మీద, మామూలు సూక్ష్మదర్శినికి అందనంత సన్నని పోగులు మెలికలు తిరిగి పడి ఉన్నాయి. క్లెయిర్ మూర్ ఒక్కో పోగునూ వెతికి పట్టుకుంటున్నారు. చిక్కుపడ్డవాటిని వదిలేస్తున్నారు. విడిగా, తేటగా పరుచుకున్నది కంటబడితే ఫొటో తీస్తున్నారు. మళ్లీ వెతుకుతున్నారు.

అది 1977. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం, కేంబ్రిడ్జి ఊరు. ఎంఐటీ విద్యాసంస్థ తన క్యాన్సర్ పరిశోధన కేంద్రాన్ని ఒక పాత చాక్లెట్ ఫ్యాక్టరీ భవనంలో పెట్టింది. అందులో ఫిలిప్ షార్ప్ అనే 32 ఏళ్ల శాస్త్రవేత్తకు ఒక ల్యాబు ఉంది. కెంటకీ రాష్ట్రంలో పొలాల మధ్య పెరిగిన రైతుబిడ్డ ఆయన. మూర్ ఆ ల్యాబులో టెక్నీషియన్. ఆమె మైక్రోస్కోపులో పెట్టి చూస్తున్న నమూనాను తయారు చేసినవారు సూజన్ బెర్గెట్. పీహెచ్‌డీ ముగించి పోస్ట్‌డాక్‌గా వచ్చి చేరిన యువతి.

ఆ పోగుల్ని కంటికి ఆనేలా చేయడమే పెద్ద పని. డీఎన్‌ఏను ఒక ప్రొటీన్‌తో కలిపి నీటి మీద పలచని పొరలా పరచాలి. ఆ పొరను చిన్న లోహపు జాలీ మీదకు ఎత్తాలి. గాలి లేని గదిలో ఆ జాలీని తిప్పుతూ ప్లాటినం ఆవిరి పట్టించాలి. లోహం పేరుకున్నచోట పోగు బయటపడుతుంది. ఇంతా చేస్తే సగం నమూనాలు చెడిపోతాయి. మిగిలిన సగంలో ఎక్కడో ఒక మంచి పోగు దొరుకుతుంది.

వాళ్లు చూస్తున్నది అడినోవైరస్ టైప్ 2ని. మనకు జలుబు, గొంతునొప్పి తెచ్చే వైరస్‌ల కుటుంబంలోది. క్యాన్సర్ కేంద్రంలో జలుబు వైరస్‌తో పనేమిటని అనిపించవచ్చు. వైరస్‌కు సొంత యంత్రాంగం దాదాపు ఏమీ ఉండదు. మనిషి కణంలో దూరి, ఆ కణం చేతే తన జన్యువుల్ని చదివించుకుంటుంది, తన ప్రొటీన్లు చేయించుకుంటుంది. మనిషి డీఎన్‌ఏలో 300 కోట్ల రసాయన అక్షరాలుంటే ఈ వైరస్‌లో సుమారు 36,000. కాబట్టి చిన్నదాన్ని పట్టుకుంటే పెద్దదాని గుట్టు తెలుస్తుందని వాళ్ల ఆశ.

వైరస్‌ను పెంచడానికి వాడినవి హీలా కణాలు. 1951లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో హెన్రియెట్టా లాక్స్ అనే నల్లజాతి మహిళ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ గడ్డ నుంచి, ఆమెను అడగకుండానే తీసుకున్న కణాలవి. ఆమె ఆ ఏడాదే చనిపోయారు. ఆమె కణాలు మాత్రం ప్రపంచమంతటా ల్యాబుల్లో పెరుగుతూనే ఉన్నాయి. ఈ గాథలో ఆమె పేరు ఎత్తకుండా ముందుకు వెళ్లడం నాకు న్యాయమనిపించదు.

* * *

జన్యువు నుంచి ప్రొటీన్ ఎలా తయారవుతుందో అప్పటికి పుస్తకాల్లో రాసి ఉంది. డీఎన్‌ఏలోని జన్యువుకు ఆర్‌ఎన్‌ఏ రూపంలో నకలు తీస్తారు. ఆ నకలే మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ. దాన్ని చదివి కణం ప్రొటీన్‌ను కడుతుంది. బ్యాక్టీరియాలో జన్యువుకూ నకలుకూ అక్షరానికి అక్షరం సరిపోతుంది. మధ్యలో ఖాళీ లేదు, అదనం లేదు. బ్యాక్టీరియాకు నిజమైనది మనిషికీ నిజమేనని అందరూ అనుకున్నారు. అనుకోకపోవడానికి కారణమూ కనిపించలేదు.

ఒక్క చోట మాత్రం లెక్క తప్పుతోంది. మనిషి కణానికి మధ్యలో కేంద్రకం ఉంటుంది. అందులో డీఎన్‌ఏ ఉంటుంది. ప్రొటీన్లు తయారయ్యేది కేంద్రకం బయట, కణద్రవ్యంలో. కేంద్రకం లోపల దొరికే ఆర్‌ఎన్‌ఏ చాలా పొడవు. బయటికి వచ్చేది చాలా పొట్టి. లోపల తయారైనదాంట్లో ఎక్కువ భాగం అక్కడే నాశనమైపోతోంది. పొడవాటిదాన్ని ఒక కొసన తెగ్గొట్టి పొట్టి చేస్తున్నారని సరిపెట్టుకోవచ్చు. కానీ శాస్త్రవేత్త జేమ్స్ డార్నెల్ వంటివారు ఏళ్ల తరబడి చేసిన ప్రయోగాలు దానికి అడ్డు నిలిచాయి. పొడవాటి ఆర్‌ఎన్‌ఏ మొదట ఒక ప్రత్యేకమైన రసాయన టోపీ ఉంది. చివర వరసగా ‘ఏ’ అనే అక్షరాలతో తోక ఉంది. పొట్టిదానికీ ఆ టోపీ, ఆ తోక రెండూ ఉన్నాయి. తల తెగలేదు, తోక తెగలేదు. అయినా మనిషి పొట్టి అయ్యాడు. ఎలా?

జవాబు ఎవరికీ తట్టలేదు.

బెర్గెట్ ఎంచుకున్నది హెక్సాన్ అనే ప్రొటీన్ తాలూకు మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ. వైరస్ పైపెంకులో ప్రధానమైన ప్రొటీన్ అది. వైరస్ సోకిన కణాల్లో చివరి దశలో ఆ సందేశం కుప్పలుగా తయారవుతుంది కనుక దాన్ని విడదీసి శుభ్రం చేయడం తేలిక. దాన్ని తెచ్చి వైరస్ డీఎన్‌ఏతో కలిపారు. ఫార్మమైడ్ అనే ద్రవంలో తగిన వేడి వద్ద ఉంచితే, ఆర్‌ఎన్‌ఏ తనకు సరిపోయే డీఎన్‌ఏ పోగును వెతుక్కుని అతుక్కుంటుంది. జంటగా ఉన్న రెండో డీఎన్‌ఏ పోగు పక్కకు జరిగి ఉచ్చులా ఉబ్బుతుంది. మైక్రోస్కోపులో ఆ ఉచ్చు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో కొలిస్తే, వైరస్ పటంలో హెక్సాన్ జన్యువు ఎక్కడుందో తేలుతుంది. వాళ్లు వెతుకుతున్నది అంతే. ఒక జన్యువు చిరునామా.

ఉచ్చు కనిపించింది. దాని ఒక చివర చిన్న తోక వేలాడుతోంది. ఫరవాలేదు, అది ‘ఏ’ అక్షరాల తోక. దానికి సరిజోడు డీఎన్‌ఏలో ఉండదు కాబట్టి అతకదు.

రెండో చివరా ఒక తోక వేలాడుతోంది.

అది ఉండకూడదు. అది ఆర్‌ఎన్‌ఏ మొదలు. జన్యువు నుంచి తీసిన నకలు మొదట్లోనే జన్యువుకు సరిపోకపోవడమేమిటి?

ఇలాంటప్పుడు ఎవరికైనా ముందు వచ్చే అనుమానం నమూనా మీదే. వేడి సరిపోలేదేమో. ఫార్మమైడ్ పాలు తప్పిందేమో. పక్కకు జరిగిన డీఎన్‌ఏ పోగు తిరిగి వచ్చి ఆర్‌ఎన్‌ఏ కొసను నెట్టేస్తోందేమో. పరిస్థితులు మార్చి చూశారు. తోక పోలేదు. మరో ఉచ్చులోనూ ఉంది, ఇంకో ఉచ్చులోనూ ఉంది. పొడవు కూడా ఇంచుమించు ఒకటే.

ఇక్కడ ఆ ముగ్గురి గొప్పతనం ఉందని నా నమ్మకం. వాళ్లకు కావలసింది దొరికింది. హెక్సాన్ జన్యువు ఎక్కడుందో పటంలో గుర్తు పెట్టి, తోక సంగతి ఒక వాక్యంలో రాసేసి, వ్యాసం అచ్చుకు పంపేయవచ్చు. పంపలేదు. తోక ఈ జన్యువుకు అతకడం లేదంటే మరెక్కడో అతకాలి కదా అనుకున్నారు. వైరస్ పటంలో హెక్సాన్‌కు బాగా ఎగువన ఉన్న డీఎన్‌ఏ తీసుకున్నారు. ఈసారి జంటగా కాకుండా ఒంటి పోగుగా విడదీసి, హెక్సాన్ ఆర్‌ఎన్‌ఏతో కలిపారు. మళ్లీ నీటి మీద పొర, మళ్లీ ప్లాటినం, మళ్లీ చీకటి గది.

ఫొటోలో మూడు ఉచ్చులు వరసగా కనిపించాయి.

అప్పటిదాకా అతకని తోక ఇప్పుడు అతికింది. ఒక చోట కాదు, మూడు చోట్ల. వైరస్ డీఎన్‌ఏ మొత్తం పొడవును 100 భాగాలనుకుంటే, హెక్సాన్ సందేశంలోని ప్రధాన భాగం సుమారు 52 దగ్గర మొదలవుతుంది. తోకలోని మొదటి ముక్క దాదాపు 17 దగ్గర, రెండోది 20 దగ్గర, మూడోది 27 దగ్గర అతుక్కున్నాయి. మూడూ కలిపినా 200 అక్షరాలకు అటూ ఇటూ. అవి అసలు సందేశానికి వేల అక్షరాల దూరంలో పుట్టాయి. మధ్యనున్న డీఎన్‌ఏకు ఆర్‌ఎన్‌ఏలో జోడు లేదు కనుక అది ఉచ్చులుగా ఉబ్బి నిలబడింది.

జన్యువు ఒకే చోట, ఒకే ముక్కగా లేదు. కణం ఆ పొడవంతటికీ నకలు తీసి, మధ్యభాగాలు కోసి పారేసి, దూరదూరంగా ఉన్న ముక్కల్ని తెచ్చి అతుకుతోంది. తల పోలేదు, తోక పోలేదు, పొట్టి ఎలా అయ్యాడన్న ప్రశ్నకు జవాబు ఆ ఒక్క ఫొటోలో ఉంది. పోయింది నడుము.

* * *

అదే సమయంలో, న్యూయార్క్ నగరానికి తూర్పున లాంగ్ ఐలాండ్ తీరంలోని కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ ప్రయోగశాలలో మరో బృందం అదే వైరస్‌తో తలపడుతోంది. డీఎన్‌ఏ నిర్మాణాన్ని కనిపెట్టినవారిలో ఒకరైన జేమ్స్ వాట్సన్ అప్పుడు దానికి డైరెక్టరు. ఆ బృందంలోని రిచర్డ్ రాబర్ట్స్ ఇంగ్లండ్‌లో డెర్బీలో పుట్టినవాడు. డీఎన్‌ఏను నిర్ణీతమైన చోట్ల కోసే ఎంజైములను వెతికి కూడబెట్టడంలో దిట్ట. ఆయన, రిచర్డ్ జెలినాస్ కలిసి వైరస్ సందేశాల మొదళ్లను పరీక్షిస్తున్నారు. వైరస్ చివరి దశలో తయారుచేసే మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏలు ఎన్నో ఉన్నాయి. ఒక్కోటి ఒక్కో జన్యువుది. కాబట్టి వాటి మొదళ్లూ వేరువేరుగా ఉండాలి.

అన్నిటి మొదట్లోనూ ఒకే 11 అక్షరాలు కనిపించాయి.

ఇన్ని జన్యువులు, ఒకటే మొదలు. పైగా ఆ మొదలు పక్కనున్న జన్యువుకు అతుకుతున్నట్టు లేదు. రసాయన పరీక్షలతో ఇంతకన్నా ముందుకు పోవడం కష్టం. కంటితో చూడాలి. చూడగలవారు ఆ ప్రయోగశాలలోనే ఉన్నారు. లూయీ చౌ, ఆమె భర్త థామస్ బ్రోకర్.

చౌ చైనాలో పుట్టి, తైవాన్‌లో పెరిగి, అమెరికా వచ్చి కాల్‌టెక్‌లో పీహెచ్‌డీ చేశారు. ఆమె గురువు నార్మన్ డేవిడ్సన్. డీఎన్‌ఏ పోగుల్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో పరచి కొలిచే విద్యకు ఆయన ల్యాబు పెట్టింది పేరు. ఎంఐటీలోని షార్ప్ కూడా పీహెచ్‌డీ తరువాత అదే డేవిడ్సన్ దగ్గర పనిచేశారు, ఆపైన కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లోనే కొన్నేళ్లు అడినోవైరస్ మీద పనిచేసి ఎంఐటీకి వెళ్లారు. అంటే రెండు ఊళ్లలో ఒకే సమయంలో ఒకే సంగతి బయటపడటం గాలివాటం కాదు. ఒకే గురుకులం నేర్పిన చూపు అది.

చౌ ఒక్క హెక్సాన్‌తో ఆగలేదు. చిన్న చిన్న ఒంటి పోగుల డీఎన్‌ఏ ముక్కల్ని కలిపి, తోకలో ఏ భాగం ఎక్కడిదో ఒక్కొక్కటిగా తేల్చారు. ఒక సందేశం తరువాత మరో సందేశం. ప్రతిదాని మొదటా అవే మూడు ముక్కలు, అదే వరసలో.

ఆ ఏడాది జూన్‌లో కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ వార్షిక సదస్సు జరిగింది. ఆ సంవత్సరం చర్చాంశం క్రొమాటిన్, అంటే డీఎన్‌ఏ కణంలో చుట్టుకుని ఉండే తీరు. అక్కడ రెండు బృందాలూ తమ ఫొటోలు చూపించాయి. బ్యాక్టీరియాలో కుదిరిన నియమం మనిషి కణంలో కుదరదని, జన్యువు అంటే ఏమిటో మళ్లీ మొదటి నుంచి ఆలోచించాలని ఆ సభలోని వారికి అర్థమైపోయింది. ఆగస్టులో బెర్గెట్, మూర్, షార్ప్‌ల వ్యాసం అచ్చయింది. సెప్టెంబరులో చౌ, జెలినాస్, బ్రోకర్, రాబర్ట్స్‌ల వ్యాసం ‘సెల్’ పత్రికలో వచ్చింది. శాస్త్ర పత్రాలకు పొడిపొడి శీర్షికలు పెట్టడం ఆనవాయితీ. వీళ్లు తమ శీర్షికలోనే ‘అబ్బురపరిచే’ అనే విశేషణం వాడేశారు.

జలుబు వైరస్ వింత ఇది, మనిషి జన్యువులకు ఇది వర్తించదు అనుకోవడానికి ఎక్కువ రోజులు వీలు చిక్కలేదు. కొద్ది నెలల్లోనే రక్తంలోని గ్లోబిన్ జన్యువులో, కోడిగుడ్డు తెల్లసొనలోని ఓవల్‌బ్యుమిన్ జన్యువులో, యాంటీబాడీల జన్యువుల్లో అవే విరామాలు బయటపడ్డాయి. 1978లో హార్వర్డ్‌లోని వాల్టర్ గిల్బర్ట్ వాటికి పేర్లు పెట్టారు. సందేశంలో మిగిలే ముక్క ఎక్సాన్. కోసి తీసేసేది ఇంట్రాన్. ఈ కోత, అతుకుల పని మొత్తానికి స్ప్లైసింగ్ అనే పేరు స్థిరపడింది.

* * *

మన ఇళ్లలో ఒకప్పుడు వారపత్రికల్లో వచ్చే సీరియల్ పేజీలను చింపి దాచుకునేవారు. ప్రకటనలు, వంటలు, వారఫలాలు తీసేసి, కథ ఉన్న కాగితాలను మాత్రమే వరసగా పేర్చి కుట్టించి నవల చేసుకునేవారు. మన ప్రతి కణంలో, ఈ క్షణంలో జరుగుతున్న పని అది.

జన్యువు నకలు మొదలవగానే, ఇరవై ముప్ఫై అక్షరాలు తయారయ్యేసరికే, మొదట టోపీ తొడుగుతారు. ఆర్‌ఎన్‌ఏను కొసల నుంచి కొరికేసే ఎంజైముల నుంచి అది కాపాడుతుంది. తరువాత ప్రొటీన్ తయారీ మొదలవడానికీ ఆ టోపీయే గుర్తు. నకలు ఇంకా సాగుతుండగానే ఇంట్రాన్ల కోత మొదలవుతుంది. దాదాపు ప్రతి ఇంట్రాన్ ‘జీయూ’ అనే రెండక్షరాలతో మొదలై ‘ఏజీ’తో ముగుస్తుంది. చివరకు కొంచెం ముందు ఇంట్రాన్ లోపల ఒక ‘ఏ’ అక్షరం ఉంటుంది. అది వంగి వచ్చి ఇంట్రాన్ మొదటి అక్షరాన్ని పట్టుకుంటుంది. ముందున్న ఎక్సాన్ తెగుతుంది. తెగిన ఎక్సాన్ కొస వెళ్లి తరువాతి ఎక్సాన్‌ను అందుకుంటుంది. ఇంట్రాన్ ముడిపడిన ఉచ్చుగా విడిపోయి, ముక్కలై, దాని అక్షరాలు మళ్లీ వాడకానికి వస్తాయి. ఈ ఉచ్చు సంగతి 1984లో తేలింది. చివరగా, ‘ఏఏయూఏఏఏ’ అనే గుర్తు దాటాక నకలును కోసి, కొసన 200 పైచిలుకు ‘ఏ’ అక్షరాలు చేరుస్తారు. అప్పుడు గాని దానికి కేంద్రకం గుమ్మం దాటే అర్హత రాదు.

ఎంత కోస్తారో చెబితే నమ్మడం కష్టం. కండరాలకు అవసరమైన డిస్ట్రోఫిన్ ప్రొటీన్ జన్యువు 20 లక్షలకు పైగా అక్షరాల పొడవు. దాన్ని ఒక్కసారి నకలు తీయడానికే దాదాపు 16 గంటలు పడుతుంది. అందులో ఉన్న 79 ఎక్సాన్లు అతికాక మిగిలే సందేశం సుమారు 14,000 అక్షరాలు. నూటికి 99 పాళ్లకు పైగా కోతలో పోతుంది. ఒక్క అక్షరం అటూ ఇటూ అయితే తరువాతి పాఠమంతా తప్పుతుంది. పైగా ఒకే నకలును కణం వేరువేరు చోట్ల వేరువేరుగా అతుకుతుంది. ఒక ఎక్సాన్ మెదడులో ఉంచి, కండరంలో వదిలేస్తుంది. మనిషికి ప్రొటీన్ జన్యువులు సుమారు 20,000 మాత్రమే అయినా ప్రొటీన్ల రకాలు అంతకన్నా ఎంతో ఎక్కువ కావడానికి ఇదొక ముఖ్య కారణం.

మరి ఈ కోత కోసే చేతులెవరివి?

దీనికి సమాధానం రోగుల రక్తం నుంచి వచ్చింది. లూపస్ వ్యాధిలో శరీరం తన మీద తానే యుద్ధానికి దిగుతుంది. రోగి రక్తంలోని యాంటీబాడీలు సొంత కణాల కేంద్రకంలోని పదార్థాల మీదే పడతాయి. యేల్ యూనివర్సిటీలో జోన్ స్టైట్జ్ దగ్గర ఎండీ, పీహెచ్‌డీ రెండూ చదువుతున్న మైఖేల్ లెర్నర్ ఆ యాంటీబాడీలు అసలు పట్టుకుంటున్నదేమిటో చూద్దామన్నాడు. లూపస్ రోగుల సీరం తెచ్చి, కణాల రసంలో కలిపి, అవి పట్టి తెచ్చినదాన్ని పరీక్షించారు. చిన్న చిన్న ఆర్‌ఎన్‌ఏలు, వాటిని అంటిపెట్టుకున్న ప్రొటీన్లు వచ్చాయి. యూ1, యూ2, యూ4, యూ5, యూ6. కేంద్రకంలో ఇవి కోకొల్లలుగా ఉంటాయని తెలుసు గాని ఎందుకున్నాయో తెలియదు. స్టైట్జ్ బృందం యూ1 మొదటి అక్షరాలను ఇంట్రాన్ మొదట ఉండే అక్షరాల పక్కన పెట్టి చూసింది. రెండూ ఒకదానికొకటి జోడు. ఎక్కడ కోయాలో గుర్తుపట్టేది ఇదే. 1980 జనవరిలో ‘నేచర్’లో ఆ సంగతి అచ్చయింది. ఈ యూలన్నీ, వందకు పైగా ప్రొటీన్లతో కలిసి కూర్చుకునే యంత్రం పేరు స్ప్లైసియోజోమ్. ఇంట్రాన్ కోసం కూడి, పని కాగానే విడిపోయి, మరో ఇంట్రాన్ దగ్గర మళ్లీ కూడుతుంది.

ఏ రోగి రక్తం అది, వాళ్లు ఎంత బాధ పడ్డారు, తమ సీరం ఏ పనికి వచ్చిందో వాళ్లకు తెలిసిందా? సైన్సు చరిత్రలో ఇలాంటివారి పేజీ ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది. అది నాకు బాధ కలిగిస్తుంది.

* * *

1993లో నోబెల్ బహుమతి వచ్చింది. వైద్యశాస్త్ర విభాగంలో రాబర్ట్స్‌కు, షార్ప్‌కు. నోబెల్‌ను ముగ్గురి వరకు పంచవచ్చు. మూడో చోటు ఖాళీగా వదిలేశారు. ఆ పోగుల్ని పరచి, చూసి, కొలిచి, మూడు ముక్కల్ని తేల్చిన లూయీ చౌకు చోటివ్వలేదు. బ్రోకర్‌కు, బెర్గెట్‌కు, జెలినాస్‌కు, మూర్‌కు కూడా లేదు. ప్రయోగం ఎవరి ఆలోచన, ఎవరి చేతిపని అన్న వాదం అప్పుడు గట్టిగానే నడిచింది. రాబర్ట్స్, షార్ప్ అర్హులు కారని ఎవరూ అనరు, నేనూ అనను. కానీ ఈ ఆవిష్కరణ పుట్టిందే కంటితో చూడటంలో. చూసిన కంటిని పక్కనపెట్టి ఇచ్చిన బహుమతి అది. మూడో పేరు లూయీ చౌది కావలసింది.

ఆమె పని ఆగలేదు. అలబామా యూనివర్సిటీలో పాపిల్లోమా వైరస్‌ల మీద పరిశోధన సాగించారు. 2012లో అమెరికా జాతీయ సైన్సు అకాడమీ ఆమెను సభ్యురాలిగా ఎన్నుకుంది. బెర్గెట్ టెక్సస్‌లోని బేలర్ వైద్య కళాశాలలో, అంత పొడవాటి ఇంట్రాన్ల మధ్య పొట్టి ఎక్సాన్‌ను కణం ఎలా గుర్తుపడుతుందో వివరించే సిద్ధాంతం ఇచ్చారు. చీకటి గదిలో కూర్చున్న టెక్నీషియన్ క్లెయిర్ మూర్ టఫ్ట్స్ యూనివర్సిటీలో ప్రొఫెసర్ అయ్యారు. ఆర్‌ఎన్‌ఏకు ‘ఏ’ల తోక ఎలా చేరుతుందన్నదే ఆమె ఎంచుకున్న పరిశోధన.

* * *

ఇంత దూరం చదివిన పాఠకులు, ఇదంతా మనకెందుకని అడిగితే ఆ ప్రశ్న న్యాయమైనదే. జవాబు మన ఆసుపత్రుల్లో ఉంది.

రక్తంలో ప్రాణవాయువును మోసే హీమోగ్లోబిన్‌కు బీటా గ్లోబిన్ అనే ప్రొటీన్ కావాలి. దాని జన్యువులో మూడు ఎక్సాన్లు, రెండు ఇంట్రాన్లు. మొదటి ఇంట్రాన్ 130 అక్షరాల చిన్నది. అందులో అయిదో అక్షరం ‘జీ’ ఉండాలి. కొందరిలో అక్కడ ‘సీ’ ఉంటుంది. కోత పడాల్సిన గుర్తు దాంతో బలహీనమవుతుంది. యూ1 దాన్ని సరిగా పట్టలేదు. కణం దగ్గర్లో ఉన్న తప్పుడు గుర్తుల దగ్గర కోసేస్తుంది. ప్రొటీన్‌కు పనికిరాని ముక్క చేరుతుంది, లేదా పనికొచ్చే ముక్క పోతుంది. వైద్యులు ఈ మార్పును ‘ఐవీఎస్ 1-5’ అంటారు. భారతదేశంలో బీటా థలసేమియాకు కారణమయ్యే మార్పుల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది ఇదే. ప్రొటీన్‌ను కట్టే యంత్రాంగంలో లోపం లేదు, ఎక్సాన్లలో లోపం లేదు. కోసి పారేయాల్సిన భాగంలో ఒక్క అక్షరం మారింది. దానికి ఒక పసిబిడ్డ రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించుకుంటూ, అందువల్ల ఒంట్లో పేరుకునే ఇనుమును మందులతో దించుకుంటూ బతుకంతా నెట్టుకురావాలి. హైదరాబాద్‌లోని థలసేమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ వంటి చోట్ల ఆ పిల్లల్ని చూసినవారికి ‘ఒక్క అక్షరం’ అన్న మాట బరువెంతో తెలుస్తుంది.

మరో వ్యాధి స్పైనల్ మస్క్యులర్ అట్రఫీ. వెన్నులోని నాడులు చచ్చిపోయి కండరాలు కరిగిపోతాయి. తీవ్రమైన రకం ఉన్న పిల్లల్లో చాలామంది మందు లేకపోతే రెండేళ్లు నిండకముందే పోతారు. వీళ్లలో ఎస్‌ఎంఎన్1 అనే జన్యువు పనిచేయదు. దాని జంటలాంటి ఎస్‌ఎంఎన్2 ఉంది గాని, ఏడో ఎక్సాన్‌లో ఒక్క అక్షరం తేడా వల్ల కణం ఆ ఎక్సాన్‌ను చాలాసార్లు వదిలేసి అతుకుతుంది. దాన్ని వదలకుండా అతికించగలిగితే బిడ్డ బతుకుతుంది. ఎక్సాన్ పక్కనే ఇంట్రాన్‌లో అడ్డుపడుతున్న చోటును 2006లో మసాచుసెట్స్ యూనివర్సిటీలో రవీంద్ర సింగ్ బృందం గుర్తించింది. ఆ చోటును కప్పేసే మందును కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లోనే, ఉరుగ్వేలో పుట్టిన ఏడ్రియన్ క్రైనర్, ఐయోనిస్ కంపెనీతో కలిసి రూపొందించారు. పేరు నుసినర్సెన్. 2016 డిసెంబరులో అమెరికాలో అనుమతి వచ్చింది. వెన్నులోకి ఇంజక్షన్ ఇస్తారు. అమెరికాలో అప్పట్లో మొదటి ఏడాది ఖర్చే 7,50,000 డాలర్లు. 2020లో నోటి ద్వారా తాగే మందు రిస్డిప్లామ్ వచ్చింది. యూ1 ఆ ఎక్సాన్ అంచును గట్టిగా పట్టుకునేలా చేయడమే ఆ మందు పని.

ఇక్కడ కథలోకి మన ఊరు వచ్చింది. స్విస్ కంపెనీ రోష్ అమ్మే రిస్డిప్లామ్ సీసా మన దేశంలో దాదాపు 6 లక్షల రూపాయలు ఉండేది. హైదరాబాద్‌కు చెందిన నాట్కో ఫార్మా దాన్ని చవకగా చేస్తామంది. పేటెంటు మాదంటూ రోష్ కోర్టుకు వెళ్లింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు నాట్కోను ఆపడానికి నిరాకరించింది. అక్టోబరులో అదే హైకోర్టు ధర్మాసనం ఆ తీర్పును నిలబెట్టింది, ఆ వెంటనే సుప్రీంకోర్టు కూడా జోక్యానికి ఒప్పుకోలేదు. 2025లో నాట్కో పెట్టిన సీసా ధర 15,900 రూపాయలు. సీసాలో 60 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. ఒంటి బరువు 20 కిలోలు దాటినవారికి రోజుకు 5 మిల్లీగ్రాములు, అంటే సీసా 12 రోజులు వస్తుంది. ఏడాదికి 30 సీసాలకు కాస్త పైగా, ఆ ధరకు సుమారు 4,84,000 రూపాయలు. పాత ధరతో పోలిస్తే ఇది ఎంతో తక్కువ. నెల జీతం మీద బతికే ఇంటికి ఇదీ మోయలేని బరువే. ఈ మందును ఆరోగ్యశ్రీ వంటి పథకాల కిందికి పూర్తిగా తేవాలని రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలనూ అడగాలి.

మనవంతు పని ఒకటి ఉంది. ఈ రెండు వ్యాధులూ సాధారణంగా తల్లిదండ్రులిద్దరిలో మార్పు దాగి ఉన్నప్పుడే బిడ్డకు వస్తాయి. అలాంటి జంటకు ప్రతి కాన్పులోనూ నూటికి 25 పాళ్లు ముప్పు ఉంటుంది. మేనరికపు పెళ్లిళ్లలో ఒకే మార్పు ఇద్దరికీ ఉండే అవకాశం ఎక్కువ. మార్పు దాగి ఉన్నవారికి ఏ జబ్బూ ఉండదు, పరీక్ష చేయిస్తేనే తెలుస్తుంది. పెళ్లి కుదిరాక గాని, కాకపోతే గర్భం నిలిచిన తొలి వారాల్లో గాని థలసేమియా మార్పును పట్టే హెచ్‌బీఏ2 రక్తపరీక్ష చేయించండి. ఇంట్లో, దగ్గరి బంధువుల్లో కండరాలు చచ్చుబడిన పసిబిడ్డ ఎవరైనా ఉంటే ఎస్‌ఎంఎన్1 జన్యు పరీక్ష గురించి డాక్టరును అడగండి.